అరికాళ్ళ కింద అరికాళ్ళు

మంగళవారం నుంచి మా ఊళ్ళో ఎవరు అడుగు వేసినా కిందనుంచి ఇంకో అరికాలు వచ్చి దానికి ఆనుతోంది.

మాది బండ మీద కట్టిన ఊరు. తాతల కాలం నుంచి ఆ బండనే పలకలు పలకలుగా కోసి లారీలకెక్కిస్తున్నాం. కోయగా కోయగా మా కింద మిగిలింది జొన్నరొట్టె మందం. రొట్టెకి అటు పక్కన ఇంకెవరో నడుస్తున్నారు. వాళ్ళ తలలు కిందికి ఉన్నాయి, కాళ్ళు మా వైపు ఉన్నాయి. వాళ్ళ లెక్కలో మా తలలే కిందికి ఉండి ఉంటాయి. ఇందులో తగాదా పడాల్సిందేమీ లేదు.

ఒక్కొక్కరి కింద ఒక్కొక్కరు. నా కుడికాలికి అతని ఎడమకాలు ఆనుతుంది. నేను ఆగితే ఆగుతాడు. అతనికి ఎడమకాలి బొటనవేలు లేదు. ఆ చోట బండ చల్లగా ఉంటుంది. మిగతా కాలంతా వెచ్చగా ఉంటుంది.

నా పేరు బుచ్చిలింగం. గనిలో బండ మోత చూడడం నా పని. చిన్న సుత్తితో కొడతాను, చెవి పెడతాను, లోపల పగులుందో లేదో చెప్తాను. గట్టి బండ గంటలా పలుకుతుంది. పగిలిన బండ కుండపెంకులా పలుకుతుంది. ఇరవై రెండేళ్ళలో నా మాట మూడుసార్లు తప్పింది. మూడుసార్లూ మనుషులు పోయారు, ఒకసారి నా చేతి వేళ్ళు రెండు పోయి మూడు మిగిలాయి. అందుకే ఊళ్ళో నాకంటే నా చెవికి మర్యాద ఎక్కువ.

నేల మీద చెవి పెట్టి వింటాను. కింద సంత నడుస్తోంది. ఎవరో దంచుతున్నారు. ఎక్కడో దూరంగా పెళ్ళి డప్పు, ఇంకా దూరంగా, ఊళ్ళు దాటి, నదులు దాటి, లక్షల కాళ్ళు. అది ఊరు కాదు, లోకం. మాకు కనబడేది దాని అరికాళ్ళే.

*

మా దగ్గర కాలు తగిలితే వంగాలి. తగిలినచోట చెయ్యి పెట్టి, ఆ చెయ్యి కళ్ళకద్దుకోవాలి. పుస్తకానికి తగిలినా అంతే, చాటకి తగిలినా అంతే. మనిషికి తగిలితే చెప్పేదేముంది.

కాబట్టి మంగళవారం నుంచి ఊరంతా అడుగుకొకసారి వంగుతోంది. అడుగు, వంగడం, నేలకి చెయ్యి, కళ్ళకి చెయ్యి. మళ్ళీ అడుగు. మా ఇంటినుంచి గనికి మూడువేల అడుగులు. పొద్దున్నే బయల్దేరినవాళ్ళు మధ్యాహ్నం గంటకి చేరుతున్నారు. నడుములు పట్టేశాయి. అయినా ఎవరూ మానడం లేదు.

సుదర్శనం పటేలు మాత్రం వంగడు. గని ఆయనది, కంప్రెసర్లు ఆయనవి, గ్రామ కమిటీ ఆయనది. తన తరఫున వంగడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. పటేలు అడుగు వేస్తాడు, వెనకున్నవాడు వంగి మొక్కుతాడు. ఈ ఊళ్ళో పటేలు కాలు తగలని మనిషి లేడు. ఒక్కరిని తాకి కూడా ఆయన చెయ్యి కళ్ళకద్దుకున్నది లేదు. మొహం కనిపించని వాళ్ళకి దక్కిన మర్యాద, ఎదురుగా నిలబడ్డ కూలీకి దక్కలేదు. రాసి పెట్టుకోండి.

*

నా బిడ్డ నీలకి అయిదేళ్ళు. పుట్టినప్పటినుంచి నడవలేదు. కాళ్ళున్నాయి, వాటిలో నిలబడే బుద్ధి లేదు. చూపించని డాక్టరు లేడు. గడప దగ్గర కూర్చోబెడితే సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది, వచ్చేపోయేవాళ్ళ మోకాళ్ళతో మాట్లాడుతుంది.

మంగళవారం పొద్దున్న గడప ముందు నీల లేచి నిలబడుతుంది.

నా భార్య సత్తెవ్వ చేతిలో చెంబు వదిలేస్తుంది. నీల ఒక అడుగు వేస్తుంది. ఇంకొకటి వేస్తుంది. పడబోతుంది, పడదు. ఆమె పాదం కింద ఇంకో చిన్న పాదం ఉంది. అది నెడుతోంది. నీల కాలు ఎంత మెత్తగా వంగిపోతే అది అంత గట్టిగా పైకి ఎత్తుతోంది.

"అవ్వా, గది నన్ను నిలవెడుతుంది," అంటుంది నీల.

"ఏది బిడ్డా?"

"కిందిది. దానికి గూడ నడుసుడు రాదు. నేను దాన్ని నిలవెడుతున్న."

సత్తెవ్వ నేల మీద బోర్లా పడి మొక్కుతుంది. మొక్కుతూనే ఉంటుంది. "అవ్వా, మా బిడ్డను ఇడవకుండ్రి," అని బండకి నోరు పెట్టి చెప్తుంది. వాళ్ళకి మా మాట వస్తుందో రాదో ఆమెకి అక్కర్లేదు.

ఆ రోజు నీల గడపనుంచి వాకిట్లో ఉన్న చింతమొద్దు దాకా పదకొండుసార్లు నడుస్తుంది. నేను లెక్కపెడతాను. నా బతుకులో నేను లెక్కపెట్టినవాటిలో పనికొచ్చిన లెక్క అదొక్కటే.

*

బుధవారం కిందనుంచి అరిచేతులు వస్తాయి.

నేను అడుగు వేస్తాను. అరికాలికి అరికాలు ఆనుతుంది. వెంటనే అది తప్పుకుంటుంది, దాని చోట ఒక అరిచెయ్యి పడుతుంది. అయిదు వేళ్ళు. ఒక క్షణం ఉండి పోతుంది.

ఊరంతా ఆగిపోతుంది. ఎవరి కాలు వాళ్ళు పైకెత్తుకుని చూసుకుంటారు. కాసేపు ఊరు కొంగల మడుగులా ఉంటుంది.

మధ్యాహ్నం బడి వరండాలో కమిటీ కూర్చుంటుంది. పటేలు కుర్చీలో, పక్క కుర్చీలో బడి పంతులు విశ్వనాథం సారు, మిగతా అందరం కింద. కింద కూర్చున్నవాళ్ళకి కింద ఎవరో కూర్చున్నట్టు తెలుస్తూనే ఉంది. ఎవరూ ఆ సంగతి ఎత్తరు.

"ఆల్లు గూడ మొక్కుతున్నరు. గంతే," అంటుంది నర్సవ్వ. ఆమె మంత్రసాని. ఊళ్ళో సగంమందిని భూమ్మీదికి తెచ్చినవి ఆమె చేతులు.

"నీకెట్ల తెలుసు?" అంటాడు సారు.

"మనం మొక్కుతలేమా?"

"మనం మొక్కుతున్నమని మనకు తెలుసు. వాళ్ళకేం తెలుసు? వాళ్ళకు తెల్సింది, నిన్నటి నుంచి ఎవడో తమ కాళ్ళు పట్టుకుంటుండు. మొహం లేదు, మాట లేదు. అడుగేసినప్పుడల్లా చెయ్యొచ్చి కాలు పడుతుంది. నువ్వైతే ఏమనుకుంటవ్?"

"నేనా? కాళ్ళు ముందొచ్చిన పోరగాళ్ళను ఎంతమందిని పట్టుకున్న ఈ చేతులతోని. మొకం జూపెట్టు, అప్పుడు పడ్త అన్ననా? కాళ్ళు జూసి జడుసుకుంటె ఈ వరండల సగంమంది పుట్టకపోదురు. పటేలు గూడ కాళ్ళతోనే అచ్చిండు."

జనం నవ్వుతారు. పటేలు నవ్వడు.

"సరే అవ్వా, నువ్వు మంచిగ చెప్పినవ్," అంటాడు పటేలు. "ఒక్కటి చెప్పు. నువ్వు కాళ్ళెందుకు పట్టుకున్నవ్?"

"గుంజెతందుకు."

"అగో."

వరండా అంతా చల్లబడిపోతుంది. నర్సవ్వ తన చేతుల్ని తానే చూసుకుంటుంది. కాళ్ళు పట్టుకునేది గుంజడానికి. యాభై ఏళ్ళుగా ఆ పని చేసిన మనిషే చెప్పింది. ఇంక సాక్ష్యం ఏం కావాలి?

సారు లేచి నిలబడతాడు. చదువుకున్నవాడు నిదానంగా చెప్తే పిచ్చి కూడా లెక్కల పాఠంలా ఉంటుంది.

"వాళ్ళు మంచోళ్ళే అనుకుందాం. మనం ఎట్లాగూ మంచోళ్ళమే."

"నీ సంగతి నాకెర్కలేదా," అని గొణుగుతుంది నర్సవ్వ.

"కని మనం మంచోళ్ళమని వాళ్ళకు తెల్వదు. తెల్వకపోతే ఏమైతరు? భయపడుతరు. భయపడ్డ మంచోడు ఏం చేస్తడు? ముందుగాల కొడ్తడు. మంచోడు గనుక ఏడ్సుకుంట కొడ్తడు. దెబ్బ మాత్రం దెబ్బనే."

"మనం కొట్టాలె అనుకోలే గద సారూ?" అని నేను అడుగుతాను.

"అనుకోలే. కని మనం కొడ్తమేమో అని వాళ్ళు అనుకుంటరు. అనుకుని ముందుగాల కొడ్తరు. గది మనకు తెలిసిపోయింది. తెలిసినంక ఊకుంటమా? మనం తెలుసుకున్నమని వాళ్ళకు గూడ తెలుస్తది. ఇగ వాళ్ళెట్ల ఊకుంటరు?"

ప్రతి మెట్టూ సరిగ్గానే ఉంది. మెట్లన్నీ దిగితే గొయ్యి ఉంది.

"బుచ్చీ," అంటాడు పటేలు. "నీ చెవి పెట్టు. వాళ్ళ మనసుల ఏమున్నదో చెప్పు."

"నేను బండ మోత జూస్త పటేలా. మనసు కాదు."

"బండ లోపల పగులు చెప్తవ్. మనిషి లోపల పగులు చెప్పలేవా?"

*

గురువారం నేను నేల మీద పడుకుని చెవి ఆనిస్తాను.

బండ వెచ్చగా ఉంది. చెవి ఆకారంలో వెచ్చగా ఉంది. కాసేపటికి నాకు అర్థమవుతుంది. అటు పక్కన ఇంకో చెవి ఉంది. నా చెవికి సరిగ్గా ఎదురుగా, రొట్టె మందం అవతల.

అతను వింటున్నాడు. నేను వింటున్నాను. నేను ఊపిరి బిగబడతాను, అతనూ బిగబడతాడు. మూడు గంటలు ఇద్దరం విన్నాం. రెండు చెవులు కలిసినచోట మాట ఎక్కడినుంచి వస్తుంది? ఎవరో ఒకరు నోరు పెట్టాలి. ఎవరు నోరు పెడితే వాళ్ళు చెవి తియ్యాలి. నేను పెట్టలేదు. అతనూ పెట్టలేదు.

"ఏం ఇన్నవ్?" అని పటేలు అడుగుతాడు.

"వాడు ఇంటుండు."

"ఎందుకు ఇంటుండు?"

"నేను ఎందుకు ఇంటున్ననో గందుకే."

"నువ్వెందుకు ఇంటున్నవ్?"

"వాళ్ళు ఏం చేస్తున్నరో తెలుసుకుందామని."

"అంటే మనం ఏం చేస్తున్నమో తెలుసుకుందామని వాడు ఇంటుండు. మనం ఏం చేస్తున్నం?"

నేను వెనక్కి చూస్తాను. గనినుంచి మనుషులు డ్రిల్లులు మోసుకొస్తున్నారు.

"డ్రిల్లులు తెస్తున్నం," అంటాను.

"ఇన్నడన్నమాట," అంటాడు పటేలు. అని, డ్రిల్లులు ఇంకో పది తెమ్మని మనిషిని పంపిస్తాడు.

*

శుక్రవారం కింద అడుగుల చప్పుడు ఆగిపోతుంది.

అరికాళ్ళు ఆనుతున్నాయి. కానీ మెత్తగా, చప్పుడు లేకుండా ఆనుతున్నాయి. చర్మం వెచ్చదనం రావడం లేదు. నేను సుత్తితో ఒక దెబ్బ వేసి వింటాను. మోత మందంగా ఉంది.

"గుడ్డ," అని కమిటీకి చెప్తాను. "కాళ్ళకు గుడ్డ చుట్టుకున్నరు. నాలుగు మడతలు. పత్తి గుడ్డ."

"కాళ్ళకు గుడ్డ ఎవడు చుట్టుకుంటడు?" అంటాడు పటేలు.

"పుండ్లైనోడు," అంటుంది నర్సవ్వ.

"దొంగ," అంటాడు పటేలు.

"పటేలా, ఎదుటోని కాలు ఒత్తుకపోతదేమో అని చుట్టుకోరా? పసిపిల్ల పక్కన నడిచేటప్పుడు నేను గూడ మునివేళ్ళ మీద నడుస్త," అంటుంది నర్సవ్వ.

"మునివేళ్ళ మీద ఇంకెవడు నడుస్తడు?" అంటాడు సారు.

సారు అందర్నీ చూసి, తరగతిలో చూసినట్టు చూసి, కూర్చుంటాడు.

అదే రోజు మేము డ్రిల్లులు ఊరంతా దింపుతాం. ఒక్కోదానికి మూడు ఇనప కాళ్ళు. ఆ చప్పుడు కిందికి వినబడకూడదని కాళ్ళకింద గోనెసంచులు వేస్తాం. నాలుగు మడతలు. మేము వేసింది ముందుజాగ్రత్త. వాళ్ళు చుట్టుకున్నది కుట్ర. ఈ మాట మీద ఊళ్ళో ఒక్కడికి కూడా సందేహం రాలేదు. నాకూ రాలేదు. వచ్చిందని ఇప్పుడు చెప్పుకోవడం సులువు. చెప్పను.

సాయంత్రం కిందనుంచి దెబ్బ వినిపిస్తుంది. చిన్న సుత్తి. ఆగి, మళ్ళీ ఇంకోచోట. ఆగి, ఇంకోచోట. ఆ పని నాకు తెలుసు. బండ ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ పలచగా ఉంది చూస్తున్నాడు. నేను మూడు దెబ్బలు వేస్తాను. అతను మూడు వేస్తాడు. నేను రెండు. అతను రెండు. నాకు నవ్వొస్తుంది. ఇరవై రెండేళ్ళుగా నా పని అర్థమైనవాడు నాకు దొరకలేదు, ఇదిగో దొరికాడు, తలకిందులుగా.

అప్పుడే నాకు ఇంకోటి తోస్తుంది. పలచగా ఉన్నచోటు వాడికెందుకు?

నాకెందుకో అందుకే.

నేను సుత్తి కింద పెట్టేస్తాను. అతను ఒక దెబ్బ వేసి ఆగుతాడు. ఇంకోటి వేసి ఆగుతాడు. నేను జవాబు ఇవ్వను. కాసేపటికి అతనూ మానేస్తాడు.

*

"అన్నిటికంటె పలచగ ఎక్కడున్నది?" అని పటేలు అడుగుతాడు. "పెద్ద డ్రిల్లు ఆడ పెట్టాలె."

నాకు తెలుసు. ఊరంతా కొట్టి చూశాను. అన్నిటికంటే పలచన మా గడప ముందు, చింతమొద్దుకి ఇటుపక్క. అక్కడ రొట్టె మందం కూడా లేదు, ఆకు మందం ఉంది. అందుకే అక్కడ ఆ పాదం నీల పాదాన్ని అంత బాగా పట్టుకుంటోంది.

గని అంచున పలచగా ఉంది అని చెప్పొచ్చు. చెప్పడానికే నోరు తెరుస్తాను.

"అబద్ధం చెప్పకు బుచ్చిలింగం," అంటాడు సారు, మెల్లగా, ప్రేమగానే. "మనకు పలచగున్న జాగే వాళ్ళకు గూడ పలచన. వాళ్ళు గూడ అక్కడే పెడ్తరు. మనం పెట్టకపోయినా వాళ్ళు పెడ్తరు. ఆడ ఎవరుంటరో నువ్వే ఆలోచించుకో."

"మా గడప," అంటాను.

ఆ రాత్రి సత్తెవ్వ నాకు అన్నం పెట్టదు. గడప మీద అడ్డంగా కూర్చుంటుంది.

"దాని కాళ్ళు నువ్వే నరుకుతున్నవ్," అంటుంది.

"కిందినించి పొడిస్తె పిల్ల పోతది. కాళ్ళు పోతె పిల్లన్న ఉంటది."

"కింద గూడ పిల్ల ఉన్నది."

"ఉన్నది. దానికి గూడ తండ్రి ఉంటడు. వాడు ఇప్పుడు ఇదే మాట అంటుంటడు."

"అంటుంటడు," అంటుంది సత్తెవ్వ. "పెండ్లాం నోరు మూస్తుంటడు. నిన్ను జూస్తె వాడు ఎట్లుంటడో తెలుస్తుంది. గందుకే నీకు భయం."



ఆమె బండకి నోరు పెడుతుంది. "అక్కా, పిల్లను పక్కకు తీస్కపో. రేపు పొద్దుగాల పది గంటలకు. పిల్లను తీస్కపో." నేను ఆమె నోరు మూస్తాను. నా మూడువేళ్ళ చేత్తో మూస్తాను. కింద ఎవరి నోరో ఎవరి చెయ్యో నాకు తెలియదు, కానీ సరిగ్గా అదే క్షణాన బండ కిందనుంచి ఒక గుసగుస మొదలై తెగిపోతుంది.

*

శనివారం పది గంటలకి రెండు కంప్రెసర్లూ మొదలవుతాయి. ఇరవై డ్రిల్లులు. ఒక్కో డ్రిల్లు దగ్గర ఇద్దరు. అంతా నావైపు చూస్తున్నారు. నేను సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే అది సైగ.

సత్తెవ్వ నీలని ఎత్తుకుంటుంది. నీల కాళ్ళు ఆడిస్తూ ఏడుస్తుంది.

"బాపూ, దాన్ని గూడ ఎత్తుకొమ్మని చెప్పు. అదొక్కతే ఉన్నది ఆడ."

"ఎత్తుకున్నరు బిడ్డా. వాళ్ళవ్వ ఎత్తుకున్నది."

"లేదు. నా కోసం జూస్తుంది. కాలు పెట్టి జూస్తుంది."

నేను నిలబడినచోట నా కుడికాలి కింద బొటనవేలు లేని కాలు ఉంది. గుడ్డ మడతల్లోంచి కూడా ఆ ఖాళీ తెలుస్తోంది. అతను కదలడం లేదు. నేనూ కదలడం లేదు. అతని చేతిలో కూడా సుత్తి ఉండి ఉంటుంది. అతన్ని కూడా అందరూ చూస్తూ ఉంటారు.

నేను కొడతాను.

సరిగ్గా అదే క్షణంలో కిందనుంచి ఒక దెబ్బ వినిపిస్తుంది. ఒకే ఒక్కటి. అది సైగో, నిన్నటిలా జవాబో నాకు తెలియదు. ఈ ఒక్క సంగతి తెలుసుకోడానికి నా రెండు చెవులూ ఇచ్చేస్తాను. తీసుకునేవాడు లేడు.

డ్రిల్లులు దిగుతాయి. ఎనిమిది నిమిషాలు. తర్వాత కంప్రెసర్లు ఆపుతారు. మేము కాళ్ళు దగ్గరికి లాక్కుని, కిందనుంచి వచ్చే ఇనుము కోసం ఎదురు చూస్తాం.

కిందనుంచి ఏమీ రాదు.

మా గడప ముందు డ్రిల్లు పైకి లాగినప్పుడు దాని ముక్కుకి ఒక గుడ్డ చుట్టుకుని వస్తుంది. పత్తి గుడ్డ, నాలుగు మడతలు, చుట్టూ సన్నని కుట్టు. లోపల దూది పెట్టి కుట్టారు. నా అరచేతిలో పట్టేంత. అయిదేళ్ళ పిల్ల పాదమంత.

దూది మెత్తటి పక్క పైకి, మా వైపు ఉంది.

"చూసిన్రా?" అని పటేలు దాన్ని అందరికీ ఎత్తి చూపిస్తాడు. "నేను చెప్పలే? కాళ్ళకు గుడ్డలు గట్టుకున్నరు!"

జనం చప్పట్లు కొడతారు. సత్తెవ్వ పటేలు చేతిలోంచి గుడ్డ లాక్కుని రవికెలో దోపుకుంటుంది.

*

ఇప్పుడు కింద ఎవరూ లేరు.

ఊళ్ళో ఎవరికీ నిలబడడం చేతకావడం లేదు. అడుగు వేస్తే కాలు ఆనడం లేదు. నేలేమీ మాయం కాలేదు, నేల ఉంది. కానీ అటుపక్క పట్టేవాళ్ళు లేకపోతే నేల ఒక్కటే సరిపోదని తేలింది. ఆదివారానికి ఊరంతా కూర్చుని జరుగుతోంది. పటేలు కూర్చునే గనికి వెళ్తున్నాడు. ఆయన తరఫున వంగేవాడు వెనకాల కూర్చుని జరుగుతూ, అలవాటు కొద్దీ నేలకి చెయ్యి పెట్టి కళ్ళకద్దుకుంటున్నాడు. వద్దంటే ఆగడం లేదు.

గెలిచామని కమిటీ తీర్మానం రాసింది. సారు చదివాడు. కూర్చునే చదివాడు.

నీల గడప దగ్గర కూర్చుని కాళ్ళు నేలకి ఆనించి, తీసి, ఆనించి చూస్తోంది. ఏడవడం లేదు. వచ్చేపోయేవాళ్ళ మోకాళ్ళతో మాట్లాడదామంటే ఇప్పుడు మోకాళ్ళు కూడా రావడం లేదు. అందరి మొహాలూ ఆమె మొహం ఎత్తులోనే ఉన్నాయి. ఆమె ఎవరి మొహం వైపూ చూడదు.

సోమవారం పొద్దున్న నేను గోడ పట్టుకుని లేచి నీలని భుజాల మీద ఎక్కించుకుంటాను. అప్పుడే నా నడినెత్తి మీద ఏదో ఆనుతుంది.

అరికాలు.

వెనక్కి చూస్తే బజారులో అందరి చేతులూ తలల మీదికి పోతున్నాయి. ప్రతి నెత్తి మీదా ఒక పాదం దిగుతోంది. దిగి, ఆగి, తప్పుకుంటోంది. దాని చోట ఒక అరిచెయ్యి వచ్చి తల మీద పడుతోంది. ఒక క్షణం ఉండి పోతోంది. తల మీద చెయ్యి పెడితే మా దగ్గర దీవెన. అదే చెయ్యి గట్టిగా ఒత్తితే ముంచడం. ఎంత ఒత్తితే దీవెన, ఎంత ఒత్తితే ముంచడం అన్నది ఎవరూ కొలిచి పెట్టలేదు.

నా నెత్తి మీద ఆనిన కాలికి బొటనవేలు లేదు.

"బుచ్చీ!" అని పటేలు నేల మీదనుంచి కేకేస్తాడు. "వాళ్ళు ఏమనుకుంటున్నరో ఇనురా!"

"పటేలా, మనం చంపినోళ్ళు," అంటాను.

"అయితె ఇంకా పక్కా," అంటాడు సారు. "ఇప్పుడైతె వాళ్ళకు కారణం గూడ ఉన్నది."

కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే డ్రిల్లుల్ని ఈడ్చుకొస్తారు. ఇనప కాళ్ళు విప్పి, ముక్కులు పైకి తిప్పుతారు. ఎవడో నా చేతిలో సుత్తి పెడతాడు.

నీల నా భుజాల మీదనుంచి రెండు చేతులూ పైకి చాపుతుంది. గాలిలోంచి రెండు చిన్న అరికాళ్ళు దిగి ఆమె అరిచేతుల్లో ఆనుకుంటాయి. ఒకదానికి గుడ్డ ఉంది. రెండోది ఉత్త కాలు. దాని మధ్యలో డ్రిల్లు ముక్కంత గుండ్రటి కంత. ఆ కంతలోంచి ఎండ, రేగుపండంత, నీల అరచేతిలో పడుతోంది.

"బాపూ, గదే," అంటుంది నీల. "కోపం లేదంట."

"నీకెట్ల తెలుసు బిడ్డా?"

ఆమెకి ఆ ప్రశ్న అర్థం కాదు. ఒక చెయ్యి ముందుకి వేస్తుంది. చిన్న పాదం ముందుకి పడుతుంది. ఇంకో చెయ్యి వేస్తుంది. నా భుజాల మీదనుంచి బరువు తేలిపోతుంది. మడమలు పట్టుకుందామని చూస్తాను, మూడువేళ్ళ చేతిలోంచి జారిపోతాయి. సత్తెవ్వ గడప మీదనుంచి దూది గుడ్డ పట్టుకుని చెయ్యి పైకెత్తుతోంది, అందడం లేదు.

నా బిడ్డ ఊరి మీదుగా అరిచేతులతో నడిచిపోతోంది. ఆమె నడిచినచోటల్లా ఎండ చుక్క ఒకటి జనం మొహాల మీద కదులుతోంది. ఇరవై డ్రిల్లుల ముక్కులు ఆమె వెంట మెల్లగా తిరుగుతున్నాయి. నా దెబ్బ కోసం అందరూ చెవులు రిక్కించి ఉన్నారు, పైన కూడా.